కోకిల తినని అన్నం

పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందులో ఒక మూడు వాటాల ఇల్లుండేది. దాని మధ్య వాటాలో మధ్యాహ్న భోజనం పొద్దున పదింటికే అయిపోయేది. కోకిల కంచంలోకి అన్నం ఆ వేళకే వచ్చేది మరి. వియత్నాంలో అప్పుడు పదకొండున్నర. అక్కడి బడిలో భోజనం గంట కొట్టేవారు. ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే ఈ ఇంటి కోడలు కోకిల భోజనానికి లేచేది కాదు. ఆమె వదిలేసిన భోజనం ఇక్కడ ఆమె కంచంలో పొగలు కక్కుతూ కనబడేది. తెల్లన్నం, టమాటా పులుసులో టోఫు అనే సోయా జున్ను ముక్కలు, ఉప్పునీళ్ళలో ఉడికించిన ఏదో ఆకుకూర. చప్పగా ఉంటుందని అత్తగారు హేమమాలిని నాలుగు మజ్జిగ మిరపకాయలు వేయించి పక్కన పెట్టేది.

దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. పక్క వాటా జెబ మొదటిరోజు తొంగి చూసి, ఉప్పు సరిపోయిందా అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ కుటుంబానిది ఒకప్పుడు పాత్రల వ్యాపారం. నెల్లూరు వైపు నుంచి ఎన్నో తరాల కిందట వచ్చి ఈ తమిళ పట్నంలో కొట్టు పెట్టుకున్నారు. కొట్టు తాతగారి హయాంలోనే చేయి జారింది. మనవడు, అంటే కోకిల భర్త సతీష్, ఇప్పుడు పరాయివాళ్ళ స్టీలు కొట్లో బిల్లులు రాస్తున్నాడు. కొట్టు పోయినా అలవాట్లు పోలేదు. కోడలు గడప దాటి లోపలికొచ్చిన రోజునే ఆమె పేరు చెక్కిన కంచం ఒకటి సిద్ధంగా ఉండాలి. మనిషి ఊళ్ళో లేకపోయినా ఆ కంచం మూడు పూటలా కడిగి, ఆమె కూర్చునే చోట వేయాలి. కోకిల విమానమెక్కిన రోజు నుంచి హేమమాలిని అలాగే వేస్తూ వచ్చింది. నాలుగో నెలలో అందులోకి అన్నం రావడం మొదలైంది.

కోకిల సరదా కోసం వెళ్ళలేదు. వ్యాసర్పాడిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. జీతం పద్దెనిమిది వేల దగ్గర ఆగిపోయింది. ఇంతలో ఇంటి ఓనరు, రెండేళ్ళలో ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నాను, వేరే చోటు చూసుకోండి అన్నాడు. మాధవరంలో పాలకాలనీ దాటాక రెండు గదుల ఫ్లాటొకటి వీళ్ళకు నచ్చింది. ముందుగా కట్టాల్సింది పదిహేను లక్షలు. రెండేళ్ళు వియత్నాంలో ఇంగ్లీషు టీచరుగా చేస్తే నెలకు తొంభై వేలు వస్తాయి, అది తేలిగ్గా మిగులుతుందని ఏజెంటు చెప్పాడు. ఏజెంటు చెప్పని సంగతులు కోకిల అక్కడికి వెళ్ళాక తెలుసుకుంది. మొదటి రెండు నెలల జీతం కాంట్రాక్టు ముగిసేదాకా చేతికి రాదు. అదే క్లాసుకు అదే పుస్తకం చెప్పే లండన్ కుర్రాడికి, వాడికి డిగ్రీ కూడా లేదు, ఈమెకంటే రెట్టింపు జీతం. పిల్లల తల్లిదండ్రులు బడి చూడటానికి వచ్చే రోజున ఆ కుర్రాణ్ణి గేటు దగ్గర నిలబెట్టేవారు. తొమ్మిదేళ్ళ అనుభవమున్న కోకిలను వెనక గదిలో బొమ్మల కార్డులు కత్తిరించమనేవారు.

గది అద్దె తగ్గించుకోవడం, వీసా ఖర్చు తగ్గించుకోవడం ఆమె చేతిలో లేవు. తగ్గించగలిగింది తిండొక్కటే. మానేసిన భోజనాల డబ్బు బడివాళ్ళు నెలాఖరున చేతికిచ్చేవారు. కోకిల మధ్యాహ్నం తినడం మానేసింది.

ఆమె మానేసింది ఇక్కడికి వస్తోందని ఫోనులో చెప్పినవాడు సతీష్. గెలిచినవాడిలా చెప్పాడు.

"నువ్వు తిననిది ఈడికి వస్తా ఉంది కోకిలా. పాప తింటా ఉంది."

"కడుపు నిండా తింటా ఉందా?" అంది కోకిల.

"నిండా."

"అయితే సరి."

మర్నాటి నుంచి రాత్రి భోజనం కూడా రావడం మొదలైంది, సాయంత్రం నాలుగున్నరకు. సతీష్ సంబరం చెప్పనలవి కాదు. ఒక్క పూట మానేస్తే రెండు దేశాల్లో మిగులుతోంది. గ్యాసు సిలిండరు రెండు నెలలు వచ్చింది. బియ్యం బస్తా మూతి విప్పలేదు. ఆ ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. పాత్రలమ్మిన రక్తం, మిగులు కనిపిస్తే కళ్ళు దాని దగ్గరే ఆగిపోతాయి. అన్నం పారేయడం ఆ ఇంటి రాతలోనే లేదు. అందుకని తిన్నారు. కోకిల కూతురు, ఎనిమిదేళ్ళ సంయుక్తకు బుగ్గలొచ్చాయి, యూనిఫాం కుట్లు విప్పి వదులు చేయించాల్సి వచ్చింది. ఆ పాప బళ్ళో నేర్చిన తమిళంలోనే మాట్లాడేది. రోజూ ఫోనులో మొదట అడిగేది ఒక్కటే, "సాప్టియామ్మా?" తిన్నావా అని. తిన్నానమ్మా అనేది కోకిల. అది అబద్ధమని అక్కడ కూర్చున్న ముగ్గురికీ తెలుసు. ఆమె అన్నం వాళ్ళ ముందే ఉండేది.

ఏడాది దాటాక, ఒక సోమవారం తెల్లవారి ఐదింటికి కంచంలో వేడి వేడి జావ కనిపించింది. మంగళవారమూ వచ్చింది. వారమంతా వచ్చింది. ఆ నెల నుంచే కోకిల ఫోనులో ముఖం చూపించడం మానేసింది. నెట్ సరిగ్గా లేదంది.

మూడు పూటలా వచ్చేసరికి తినేవాళ్ళు చాలక, హేమమాలిని ఒక గిన్నెలో తీసుకెళ్ళి జెబకు ఇవ్వబోయింది. జెబ ఆసుపత్రి వార్డులో ఆయాగా చేస్తుంది, ఆకలిని రోజూ చూసే మనిషి. గిన్నె అందుకోలేదు. మూడు పూటలూ ఇక్కడికే వస్తుంటే అక్కడ ఆమె ఏం తింటోంది అత్తా అని మెల్లగా అడిగింది. ఏడాది కిందటే ఎవరైనా అడగాల్సిన ప్రశ్న అది. హేమమాలిని గిన్నెతో వెనక్కి వచ్చి గోడకానుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ అన్నం ముట్టలేదు.

ఆమె ఫోను చేసి తిట్టింది, బతిమాలింది. ఫ్లాటు లేకపోతే వ్యాసర్పాడిలో రేకుల ఇంట్లో ఉంటామంది. కోకిల అన్నిటికీ ఊఁ కొట్టింది. "ఏడు నెలలే కదత్తా. పాప తింటా ఉంది, నాకదే చాలు," అంది. ఇక్కడ ఎవరం తినడం లేదు, కాకులకేస్తున్నామని హేమమాలిని చెప్పి చూసింది. కోకిల నవ్వి, అన్నం పారేసే ఇల్లు కాదు మనదని ఫోను పెట్టేసింది. నిజానికి హేమమాలిని పారేయలేదు కూడా. సతీష్ తింటూనే ఉన్నాడు.

ఆ పై బుధవారం కోకిల నంబరు నుంచి ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి మాట్లాడింది. ఇద్దరిదీ ఒకే గదట. ముందురోజు పిల్లలతో పాట పాడిస్తూ కోకిల క్లాసులో పడిపోయిందని, క్లినిక్‌లో గ్లూకోజు ఎక్కించారని, బరువు ముప్పై ఎనిమిది కిలోలని చెప్పింది. ఒక రోజు రాకపోతే జీతం కోస్తారని పొద్దున్నే మళ్ళీ బడికి వెళ్ళిపోయిందని కూడా చెప్పింది.

ఆ మాట వినేసరికి పది కావస్తోంది. బుధవారం అయినా ఆదివారం అయినా ఆ కంచానికి ఒకటే. అన్నం వచ్చింది. టోఫు ముక్కలు, ఆకుకూర, అంచు దాకా.

హేమమాలిని ఆ అన్నాన్ని వేరే గిన్నెలోకి వంచింది. కంచం కడిగింది, చీర కొంగుతో తడి లేకుండా తుడిచింది. కోకిల కూర్చునే చోటే దాన్ని బోర్లించింది.

ఆ ఇంట్లో కంచం బోర్లించేది పోయినవాళ్ళకే, పదో రోజున. బతికున్న మనిషికి ఒక్కసారే చేశారు. సతీష్ చిన్నతాత మొదటి భార్య ఏదో గొడవపడి పుట్టింటికి వెళ్తే, కోపంలో ఆమె కంచం బోర్లించారు. తర్వాత ఎంతమంది వెళ్ళి పిలిచినా, ఆమె వస్తానని బయలుదేరినా, ఆ గడప దాకా చేరలేకపోయింది.

కొట్టు నుంచి భోజనానికి వచ్చిన సతీష్ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బతికుండే మనిషి కంచం బోర్లిస్తే ఆ మనిషి మళ్ళా ఈ ఇంటికి రాదమ్మా. నీకు తెలీదా?"

"తెలుసు."

"దాన్ని ఇంట్లోంచి తరిమినట్టే కదా."

"తరిమినట్టే. ఆడైనా తిననీరా."

సతీష్ వంగి కంచం అంచు పట్టుకున్నాడు. బడికి సెలవై ఇంట్లోనే ఉన్న సంయుక్త వచ్చి రెండు అరచేతులూ దాని మీద పెట్టి, బలమంతా వేసి నొక్కింది. ఆ పాపకు ఎంత అర్థమైందో తెలియదు. సతీష్ చేయి తీసేశాడు. కింద కూర్చుని, తన తల మీద తనే కొట్టుకుంటూ ఏడ్చాడు. ఏడాదిగా తిన్న ప్రతి ముద్దా అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగున్నరకు ఏమీ రాలేదు. తెల్లవారి ఐదింటికీ రాలేదు. హేమమాలిని బియ్యం బస్తా మూతి విప్పింది.

మూడో రోజు కోకిల ఫోనులో ముఖం చూపించింది. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి, కళ్ళు మాత్రం తన ముందున్న కంచం మీదే ఉన్నాయి. ఎందుకో ఆగలేనంత ఆకలేస్తోందత్తా అని సిగ్గుపడుతూ చెప్పింది. మాట్లాడినంతసేపూ తింటూనే ఉంది. నెల తిరిగేసరికి క్లాసులో నిలబడగలుగుతున్నానంది. డబ్బు కాస్త తగ్గినా ఒకటో తారీఖుకి వచ్చింది. ఏడు నెలల తర్వాత పట్టి ఉంచిన ఆ రెండు నెలల జీతమూ చేతికి వచ్చి, మాధవరం ఫ్లాటుకు కట్టాల్సింది కట్టేశారు. కొత్త ఇంట్లో మూడు కంచాలు వేశారు.

ఆ వారమే కోకిల అక్కడ ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. టికెట్టు రెండుసార్లు కొని రెండుసార్లూ రద్దు చేసుకుంది. కారణం అడిగితే, ఆలోచించి, గుర్తు రావడం లేదంది. ఆదివారాలు ఫోను చేసేది. తర్వాత నెలకొకసారి. మనిషి బాగుంది, నునుపు తేలింది. సతీష్‌ను మీరు బాగున్నారా అని అడిగే తీరులో మర్యాద పెరిగింది.

మొన్న ఫోను చేసినప్పుడు సంయుక్త తెర దగ్గరగా జరిగి, "ఎప్పమ్మా వరువే?" అంది. ఎప్పుడొస్తావని. కోకిల ఆ పిల్లను చాలా దయగా చూసింది. కొత్తగా క్లాసులో చేరిన పిల్లలను అలా చూస్తారు. తర్వాత ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, "వెరీ గుడ్ క్వశ్చన్, సంయుక్తా. వెల్ డన్," అని రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది.

హేమమాలిని మనవరాలి వెనక నిలబడి ఉంది. ఆమె చూసింది కోకిల పక్కన బల్ల మీదున్న కంచాన్ని. మెతుకు మిగలకుండా తినేసి ఉంది. ఆమెకు సంతోషమే కలిగింది, ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంయుక్త కాసేపు తెర వంక చూసి, తనూ చప్పట్లు కొట్టింది.