చీపుళ్లు కట్టే చోట మీటింగ్

మున్సిపాలిటీ చెత్త ట్రాక్టర్ నడిపే రషీద్‌ను డ్యూటీ నుంచి ఆపారు. చేగుంట రోడ్డు మీద చెత్త లోడు పారబోశాడని సూపర్‌వైజర్ రాసిచ్చాడు. ట్రాలీ డోరు గొలుసు తెగిందని రషీద్ చెప్పాడు. చూసినవాళ్లెవరని అడిగారు. అప్పుడు తనకెవరూ కనిపించలేదన్నాడు. సోమవారం తేలకపోతే ట్రాక్టర్ ఇంకో డ్రైవరుకు ఇస్తామన్నారు.

పారిశుధ్య కార్మికుల సంఘానికి భూలక్ష్మి కార్యదర్శి. ఆమె కూడా రోడ్లు ఊడుస్తుంది. ఆమెకు ముందు సంఘమంటే మదన్ మోహన్ ఒక్కడే. ఆయన ఆఫీసు లోపలికి వెళ్లి సార్లతో మాట్లాడేవాడు, బయటికి వచ్చి ఏమైందో చెప్పేవాడు. ఆయన రిటైరయ్యాక సంఘం గదికి తాళం పడింది.

రషీద్ కోసం భూలక్ష్మి ఆ తాళం తీయించి, ఆదివారం సాయంత్రం మీటింగ్ పెట్టింది. మదన్ మోహన్ పెట్టినట్టే టేబులు, మైకు, ఎదురుగా కుర్చీలు. మైకు తెచ్చిన విక్టర్, రషీద్ తప్ప ఎవరూ రాలేదు.

"మైకు ఆన్ చెయ్యాల్నా, అక్కా?" అన్నాడు విక్టర్.

"ఎవలకు వినిపిస్తవ్? బంద్ చెయ్."

సోమవారం మొదటి విడత ఊడ్చాక ఆడవాళ్లు మార్కెట్ వెనక కూర్చున్నారు. రోజూ అక్కడే చీపుళ్లు బిగించుకుంటారు. ఒకరు కట్టెను పట్టుకుంటే ఇంకొకరు సైకిల్ ట్యూబు పట్టీని లాగి చుట్టాలి. మధ్యలో లేచిపోవడం కుదరదు. భూలక్ష్మి, అందరిలో పెద్దదైన కిష్టవ్వ చీపురు కట్టె పట్టుకుని, నిన్న ఎందుకు రాలేదని అడిగింది.

"వచ్చి ఏం జెయ్యాలె? నువ్వు మాట్లాడుతవు, మేం సప్పట్లు కొట్టాలె. గవి ఇంట్ల కూసోని గూడ కొడతం," అంది కిష్టవ్వ. అందరూ నవ్వారు.

"రషీద్ నౌకరి పోతది, అవ్వా."

"పోనీ. మా గల్లీకి ఎండెక్కినంక వస్తడు. తిట్లేమో మాకు. ఏమయ్యా నవాబ్ సాబ్, గట్ల దూరం నిలబడ్డవేంది? గిట్ల రా."

భూలక్ష్మి వెంట వచ్చి దూరంగా ఆగిన రషీద్ దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. పక్క వార్డుకు డ్రైవరు లేడని, ఆ లోడు కూడా తనే ఎత్తుతున్నానని చెప్పాడు.

"గా ముచ్చట మాకెందుకు చెప్పలే?"

"మదన్ మోహన్ సాబ్‌కు చెప్పిన, అవ్వా."

"మా గల్లీ ఆయన ఊడుస్తుండెనా?"

భాగ్య పట్టీ చుడుతూ, తల ఎత్తకుండానే అంది. "గా దినం గొలుసు తెగింది నిజమే. మలుపు కాడ లోడు పడ్డది. గీయన దిగి పారతోని ఎత్తుతనే ఉండె. గప్పుడే సూపర్‌వైజర్ వచ్చిండు. నేను, గీ నాజ్ చూసినం."

భూలక్ష్మి కట్టె వదిలేసింది. "చూసి చెప్పలేదేందే?"

"అడిగినవా, అక్కా? మైకు పెట్టినవ్. మైకుల నాకు మాటొస్తదా? గోడవతల ఛాయ్ తాగుతున్నం గప్పుడు. చెప్తే డ్యూటీల ఛాయేందని మమ్మల్నే అంటరు."

"సరే, నేను పోయి సారుకు చెప్పొస్త."

"నువ్వొక్కదానివి పోతే ఇంకో మదన్ మోహన్‌వైతవు," అంది కిష్టవ్వ. "అందరం పోదాం. ముందు నా చీపురు పట్టు."

మున్సిపల్ ఆఫీసులో అటెండరు ఒక్కరినే లోపలికి రమ్మన్నాడు.

"సారునే బయటికి రమ్మను. లోపల మాకు జాగ సాలది," అంది కిష్టవ్వ.

అధికారి వరండాలోకి వచ్చాడు. భాగ్య చెప్పింది. నాజ్ చెప్పింది. ఛాయ్ సంగతి కూడా దాచలేదు.

"డ్యూటీలో టీ తాగుతారా?"

"తాగుతం సార్. మీరు తాగరా?" అంది కిష్టవ్వ.

అధికారికి నవ్వొచ్చింది. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుకు ఫోన్ చేశాడు. ట్రాలీకి కొత్త గొలుసు వేశామని అక్కడివాళ్లు చెప్పారు. పాతది తెగిందా అని అడిగాడు. తెగిందన్నారు. ఫోన్ పెట్టేసి, "డ్యూటీ ఎక్కు," అన్నాడు రషీద్‌తో. భూలక్ష్మి వైపు తిరిగి, సంఘం తరఫున ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు.

"సంఘమే చెప్పింది గద, సార్," అంది భూలక్ష్మి.

రషీద్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"కూసుంటివేంది? లెవ్వు," అంది కిష్టవ్వ. "రేపు పొద్దుగాల చీపుళ్ల కాడికి రా. పక్క వార్డు డ్రైవరు సంగతి మాట్లాడేదుంది."

"వస్త, అవ్వా," అని రషీద్ లేచాడు.