రోడ్డుకి ఒకే పక్క

హార్లో కౌంటీ పోలీసు పెద్ద, షెరీఫ్ స్టాంపర్, ఆ వారంలో టీవీలో మూడుసార్లు కనిపించాడు. మూడుసార్లూ ఒకటే పాట: "మా వాళ్లు వెళ్లాల్సిన ఇంటికే వెళ్లారు. చెయ్యాల్సిన పనే చేశారు." ఆ మాటలు వెల్డా కోంబ్స్ ఆసుపత్రి గదిలో మొగుడి మంచం పక్కన కూర్చుని వింది. మొగుడి పేరు హోలిస్. డెబ్బై ఒక్కేళ్లు. కుడి తొడలో పోలీసు తూటా దిగింది, ఎడమ చేతిని బేడీతో మంచం కమ్మీకి తగిలించారు. ఎక్కడ లేచి పరిగెడతాడో అని కాబోలు. ఆయన్ని మరుగుదొడ్డి దాకా నడిపించాలంటే ఇద్దరు నర్సులు కావాలి.

"పౌడరు కొట్టుకొచ్చాడు చూడు," అని వెల్డా హోలిస్ చెవిలో అరిచింది. రంపం మిల్లులో నలభై ఏళ్లు చేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. వినికిడి మిషను ఆరోజు ఎవడి బూటు కిందో నలిగిపోయింది. "టీవీ కోసం మొహం కడుక్కున్నాడు గానీ, నంబరు చదవడానికి కళ్లు కడుక్కోలేదు!"

గది బయట కాపలా ఉన్న పోలీసు దగ్గాడు. వినాలనే ఆమె అరిచింది.

జరిగింది ఇదీ. మే నెల, మంగళవారం, పొద్దున్న ఆరున్నర. వెల్డా వెనక వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. హోలిస్ ఇంకా పడుకునే ఉన్నాడు. వినికిడి మిషను మంచం పక్కన సాసర్లో ఉంది. ఉన్నట్టుండి ముందు తలుపు ఊడి హాల్లో పడింది. వెనకాలే ఏదో దొర్లుకుంటూ వచ్చి ఢామ్మని పేలింది. సోఫా అంటుకుంది. ఇల్లంతా పొగ. ఆ పొగలోంచి ఆరుగురు చొరబడ్డారు. నెత్తిన శిరస్త్రాణాలు, ఒంటి మీద కవచాలు, మొహాలకి ముసుగులు, చేతుల్లో దీపాలు బిగించిన తుపాకులు. పరాయి దేశం మీదికి యుద్ధానికి వెళ్తున్న వేషం. వెళ్లింది మాత్రం ఇద్దరు ముసలాళ్లున్న కొంపలోకి.

నేల అదిరేసరికి హోలిస్ లేచాడు. పడకగది గుమ్మంలోంచి చూస్తే పొగ, పొగలో నల్లటి ఆకారాలు. వాళ్లుండే ఆ కొండల్లో మంచం వెనక తుపాకీ ఉండటం అంటే, తలుపు వెనక చీపురు ఉన్నట్టే. తీశాడు, ఒక్కసారి పేల్చాడు. సీసం గుళ్లు ట్రే నోబుల్ అనే కుర్ర పోలీసు భుజంలో దిగాయి. మిగతా అయిదుగురూ కలిసి పద్నాలుగు తూటాలు కాల్చారు. అందులో ఒకటి హోలిస్‌కి తగిలింది. ఒకటి ఫ్రిజ్‌కి తగిలింది. మిగతా పన్నెండూ గోడలకి. వీళ్ల గురి చూస్తే గోడలకే ఏదో పాత పగ ఉందనుకోవాలి.

వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది రస్టీ అనే దొంగ మత్తుమాత్రల బేరగాడి కోసం. రస్టీ ఉండేది రోడ్డుకి అవతల పక్క, రేకుల ఇంట్లో. అంత చప్పుడయ్యేసరికి చెడ్డీతో మెట్ల మీదికొచ్చి, కాఫీ తాగుతూ కాసేపు వేడుక చూశాడు. చూసి లోపలికెళ్లి, ప్యాంటు వేసుకుని, తన బండెక్కి, పోలీసు బండి పక్కనుంచే వెళ్లిపోయాడు. ఆ బండిలో కూర్చుని రేడియోలో ఆజ్ఞలిస్తున్న షెరీఫ్ అతనికి దారి కూడా ఇచ్చాడు.

ఆ పూట షెరీఫ్ జేబులో ఒక కాగితం ఉంది. తలుపు తట్టకుండా, చెప్పకుండా లోపలికి దూరవచ్చని ఎవరో జడ్జి సంతకం పెట్టిన కాగితం. ఎందుకు తట్టకూడదయ్యా అంటే, తడితే లోపలివాడు మాత్రలన్నీ మరుగుదొడ్డిలో పోసి నీళ్లు వదిలేస్తాడట. గుప్పెడు మాత్రలు మురుగులో కలవకుండా కాపాడటానికి మనుషుల ప్రాణాలు తీయడానికైనా సిద్ధపడ్డ మహానుభావులు. కోంబ్స్ ఇల్లంతా తిరగేస్తే వాళ్లకి దొరికినవి వెల్డా రక్తపోటు బిళ్లలు.

ఆ రాష్ట్రంలో తలుపు పగలగొట్టి వచ్చినవాణ్ణి కాలిస్తే నేరం కాదు. కానీ వచ్చినవాడు పోలీసై ఉండి, పోలీసునని చెప్పుకుని ఉంటే, కాల్చినవాడే నేరస్థుడు. కాబట్టి తట్టకుండా వెళ్లిన ఆరుగురికీ, కేసు పెట్టే వేళకి, తాము గొంతు చించుకుని అరిచినట్టు గుర్తొచ్చింది. "పోలీసులం అని మూడుసార్లు స్పష్టంగా ప్రకటించాము." ఆరు వాంగ్మూలాల్లో అదే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేదు. కవచాల మీదున్న కెమెరాల్లో చూపించండయ్యా అంటే, ఆరింటికీ అదే క్షణంలో చార్జింగ్ అయిపోయిందట. హోలిస్ మీద పోలీసుని చంపబోయాడని కేసు. రుజువైతే ఇరవై ఏళ్లు. అంటే తొంభై ఒక్కేళ్లకి ఇంటికొస్తాడు.

ఇక నంబరు సంగతి. కోంబ్స్ ఇల్లు 418. ఇత్తడి అంకెలు, జానెడు పొడుగు, వరండా స్తంభానికి కొట్టి ఉన్నాయి. పొద్దుటి ఎండ నేరుగా వాటి మీదే పడుతుంది. కానీ ఆ ఇంటి ముందు, రోడ్డు అంచున, ఒక పోస్టు డబ్బా ఉంది. దాని మీద 421 అని ఉంది. అది రస్టీ డబ్బా, షెరీఫ్ కాగితంలో ఉన్న నంబరూ అదే. ఆ కొండ రోడ్లలో డబ్బాలన్నీ ఒకే పక్కన పెట్టాలి. పోస్టు బండి ఒక పక్కనే వెళ్తుంది, అటూ ఇటూ దాటదు, తిప్పుకునే చోటూ ఉండదు. అవతలి పక్క ఇళ్లవాళ్లు రోడ్డు దాటొచ్చి ఉత్తరాలు తీసుకుంటారు. ఈ సంగతి ఆ కౌంటీలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. వెల్డాకి అందరికంటే బాగా తెలుసు. ముప్పై ఒక్కేళ్లు ఆ బండి నడిపి ఉత్తరాలు పంచింది ఆమే. తన ఉత్తరాలు తనే పోస్టాఫీసు నుంచి తెచ్చుకునేది కాబట్టి సొంత డబ్బా ఎప్పుడూ పెట్టుకోలేదు.

కొన్ని వారాలకి, విచారణకి ముందురోజు, ప్రభుత్వ వకీలు ఆసుపత్రికే ఒక కాగితం పంపించాడు. పోలీసులు అరిచి చెప్పారని, అయినా తను తొందరపడి కాల్చానని హోలిస్ ఒప్పుకుంటే చిన్న నేరంతో సరిపెడతారు. జైలుండదు. కౌంటీ మీద ఎప్పుడూ దావా వెయ్యనని కూడా రాసివ్వాలి. ఆ కాగితం తెచ్చిన కోంబ్స్ దంపతుల వకీలు, ప్రాటర్ అనే చిన్నమ్మాయి, వెల్డా మొహంలోకి చూడలేకపోయింది.

"పెట్టేద్దామే సంతకం," అన్నాడు హోలిస్. "నాకు ఓపిక లేదు. చస్తే నా మంచం మీద చావాలి గానీ జైల్లో కాదు."

"వాళ్లు అరిచారా?" అని వెల్డా అరిచింది.

"నాకేం వినబడుద్దే, చెవిటోణ్ణి."

"నాకు వినబడుద్ది! ముందు తలుపు పడింది. తర్వాత బాంబు పేలింది. తర్వాత తుపాకులు. అరుపేదన్నా ఉంటే అది నాదే. నువ్వు సంతకం పెడితే ఆ ఆరుగురు అబద్ధాలకోర్లూ రేపు ఇంకో ముసలాడి ఇంట్లో దూరతారు. ఈసారి గురి తప్పకపోతే వాణ్ణి చంపేస్తారు. అది తెలుసా నీకు?"

"నీకేం, జైలుకెళ్లేది నేను కదా," అన్నాడు హోలిస్ మెల్లగా.

వెల్డా బయటికొచ్చి కారులో కూర్చుంది. తన పంతం ఆయన్ని లోపలికి తోస్తే? భయం వేసింది. నిజంగా భయం వేసింది. కాసేపటికి మళ్లీ పైకెళ్లి, ఆయన చెవిలో, "నీ ఇష్టం ముసలోడా, ఏం చేసినా నేను నీతోనే ఉంటా," అంది. హోలిస్ ఆ కాగితాన్ని ఇంకోసారి చూశాడు. చూసి, బేడీ లేని చేత్తో దాన్ని నలిపి మంచం కింద పడేశాడు. "అబద్ధం మీద సంతకం పెట్టి ఇంటికొస్తే, నువ్వు రోజూ సాధిస్తావ్. దానికంటే జైలే నయం," అన్నాడు.

విచారణకి హోలిస్‌ని చేతికర్ర మీద నడిపించుకొచ్చారు. మొదట షెరీఫ్ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం. "ఇంటి ముందు డబ్బా మీద 421 అని ఉంది. మేము ఆ నంబరు చూసే లోపలికి వెళ్లాం," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు. తర్వాత వెల్డా వంతు. పొద్దున్న ఏం జరిగిందో, ఏం వినబడిందో, ఏం వినబడలేదో చెప్పింది. ప్రభుత్వ వకీలు లేచి చిరునవ్వుతో దగ్గరికొచ్చాడు.

"రస్టీ డబ్బాని మీ ఇంటి ముందు పెట్టమన్నదెవరమ్మా?"

"నేనే."

కోర్టులో గుసగుసలు లేచాయి. షెరీఫ్ కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అంటే మీ ఇంటికి వేరే నంబరు తగిలించింది మీరే అన్నమాట."

"ఇంటికి కాదు నాయనా, రోడ్డుకి. పోస్టు బండి ఏ పక్కన వెళ్తే డబ్బా ఆ పక్కన. అది పద్ధతి. నా ఇంటి నంబరు నా వరండా మీద జానెడు ఎత్తున ఉంది."

"ఇంటి ముందు డబ్బా, డబ్బా మీద నంబరు. చూసినవాడు, బుద్ధున్నవాడెవడైనా ఏమనుకుంటాడు?"

"బుద్ధున్నవాడి సంగతి బుద్ధున్నవాణ్ణి అడగండి," అంది వెల్డా. "షెరీఫ్ గారి సంగతైతే నేను చెప్తాను. ఆయన ఇల్లు కేన్ బ్రాంచ్ రోడ్డుకి ఎడమ పక్క. ఆయన డబ్బా కుడి పక్క, సరిగ్గా పాస్టర్ గారి గుమ్మం ముందు. ఇరవై రెండేళ్లు దాన్లో ఉత్తరాలు వేసింది ఈ చేత్తోనే. రోజూ పొద్దున్నే చొక్కా లేకుండా రోడ్డు దాటొచ్చి తీసుకుపోతాడు. పాస్టరమ్మగారు కిటికీ తెర లాగేసుకుంటారు పాపం. రేపెవడన్నా షెరీఫ్ ఇంటి మీద కాగితం తెచ్చాడనుకోండి, మరి పాస్టర్ గారి తలుపే పగలగొడతారా?"

కోర్టు ఒక్కసారిగా గొల్లున నవ్వింది. వెనక బెంచీలో పాస్టరమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జడ్జి సుత్తి కొట్టి, నవ్వులు ఆగాక షెరీఫ్ వైపు తిరిగాడు.

"మీరింకా ప్రమాణం మీదే ఉన్నారు. ఆవిడ చెప్పింది నిజమేనా?"

"అది... అది పోస్టాఫీసు వాళ్ల పద్ధతండీ."

"ఆ పద్ధతి మీకు తెలుసా, తెలీదా?"

షెరీఫ్ వేసుకున్న కాలు కిందికి దించాడు. "తెలుసండీ," అన్నాడు.

జడ్జి ఎక్కువ మాట్లాడలేదు. కాగితం ఒక ఇంటికి, పగిలిన తలుపు ఇంకో ఇంటిది, లోపలున్నవాడు చెవిటివాడు, మాటకి సాక్ష్యం చెప్పాల్సిన కెమెరాలు ఆరూ మూగవి. తన ఇంట్లో తన ప్రాణం కాపాడుకోవడం నేరం కాదని చెప్పి కేసు కొట్టేశాడు. జడ్జిగారి డబ్బా కూడా రోడ్డుకి అవతలే ఉందని వెల్డాకి తెలుసు. ఆ మాట ఎత్తే అవసరం రాలేదు.

మెట్ల మీద షెరీఫ్ ఎదురయ్యాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకుంటే పొరపాటు. ఆయన అన్నది వేరు. "వెల్డమ్మా, ఆ డబ్బాల సంగతి ముందే ఒక్క మాట నా చెవిన వేసుంటే ఇంత రచ్చ అయ్యేది కాదు కదా."

"అడిగితే చెప్పేదాన్ని స్టాంపరూ. అడగాలంటే ముందు తలుపు తట్టాలి."

ఆయన వెళ్లాక ట్రే నోబుల్ వచ్చాడు. భుజానికి కట్టు. టోపీ తీసి హోలిస్ ముందు తల దించుకుని, "మేం అరవలేదు తాతా," అని గొణిగాడు. లోపల ప్రమాణం మీద చెప్పాల్సిన మాట బయట మెట్ల మీద చెప్పాడు. ఎవరికీ నష్టం లేని చోటు, ఎవరూ రాసుకోని చోటు చూసుకుని మరీ చెప్పాడు.

"ఏమంటున్నాడే?" అని హోలిస్ భార్యని అడిగాడు.

"ఏం లేదు. దగ్గాడు. పద."

ఇంటి ముందు కారాపింది. చర్చివాళ్లు పగిలిన తలుపు స్థానంలో చెక్క కొట్టి వెళ్లారు. వెల్డా ఇటు తిరిగొచ్చి కారు తలుపు తీసి చేతికర్ర అందించింది. హోలిస్ దిగలేదు. కర్ర ఒళ్లో పెట్టుకుని ఇంటి వంక చూస్తూ కూర్చున్నాడు.

"నా తుపాకీ ఇచ్చారా?"

"ఇంకా ఇవ్వలేదు. దిగు, రొట్టెలు చేస్తా."

"నువ్వు ముందెళ్లి చూసిరా."

వెల్డా లోపలికెళ్లి గదులన్నీ చూసింది. తిరిగొచ్చి ఆయన చెవిలో, "ఎవరూ లేరు," అంది.

"వంటిల్లు?"

"చూశా. ఎవరూ లేరు."

"మంచం కింద?"

షెరీఫ్‌నీ, వకీలునీ, ఆరుగురు అబద్ధాలకోర్లనీ నోటితోనే దులిపేసిన మనిషికి ఆ ప్రశ్నకి వెటకారం దొరకలేదు. చట్టం హోలిస్ పక్షానే ఉందని జడ్జిగారు ఆ పూటే చెప్పారు. ఆ సంగతి హోలిస్ కాళ్లకి ఇంకా తెలియలేదు. ఆమె మళ్లీ లోపలికెళ్లింది. నొప్పి మోకాళ్ల మీద వంగి, నేలకి చెంప ఆనించి, మంచం కింద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది.