పలక కడిగిన నీళ్లు

శనివారం పొద్దున్నే ఖుర్షీద్ దాదీ చెక్కపలక కడిగి, ముల్తానీ మట్టి పూసి, హీటరు పక్కన ఆరబెట్టేది. ఆరాక మనవరాలు అనమ్ దాని మీద ఉర్దూ పాఠం రాయాలి. రాసింది కడిగి, ఆ నీళ్లు వంటింటి కిటికీలోని పుదీనా కుండీలో పోయాలి. దాదీ ఓస్లోలో కాపురం పెట్టినప్పటి నుంచీ ఇంట్లో పిల్లలకు ఇదే వరస.

ఆ పుదీనా పచ్చడి తిన్నవాళ్లకు పలక మీది మాటలు ఆ రోజంతా వాటంతటవే నోటికొచ్చేవి. కింది అంతస్తు సోల్వేగ్ ఒకసారి గిన్నె తిరిగిస్తూ, మా మేక రెండు పిల్లల్ని ఈనిందని శుభ్రమైన ఉర్దూలో చెప్పింది. ఆ వారం పాఠం మేక గురించే. దాదీ సంతోషించి మరో రెండు చెంచాల పచ్చడి వేసి పంపింది.

అనమ్ మాత్రం ముట్టేది కాదు. బడిలో ఉర్దూ నోరుజారితే స్నేహితులు నవ్వుతారని దాని భయం. దాదీ ఉర్దూలో అడిగితే నార్వేజియన్‌లో జవాబిచ్చేది. పదకొండేళ్లకే ఎంత పొగరో.

దాదీ కూడా తక్కువది కాదు. కోడలు రుబీనా వచ్చిన పద్నాలుగేళ్లలో, కూరలో ఉప్పు చాల్లేదనకుండా ఒక్క పూటా చెయ్యి కడగలేదు.

జనవరిలో దాదీకి పక్షవాతం వచ్చింది. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి నడక తెచ్చుకుంది గానీ, మాటా రాతా పూర్తిగా పోయాయి. ఇక రావన్నారు డాక్టర్లు. ఈలోగా పలక నీళ్లు లేక పుదీనా మోడయింది. రుబీనా కుళాయి నీళ్లు పోస్తే తీసుకోలేదు. పాపం, ఆమె ఓస్లోలోనే పుట్టింది, ఉర్దూ మాట్లాడుతుందే గానీ రాయడం రాదు. దాదీ కొడుకు ఇంతియాజ్ చిన్నప్పుడు పలక ఎగ్గొట్టి ఫుట్‌బాల్‌కి పోయినవాడు. ఇంట్లో రాయగలిగింది అనమ్ ఒక్కతే.

"ఏం రాయనమ్మా?" అంది అనమ్.

"మీ దాదీ నోట ఎప్పుడూ వినే మాటేదైనా రాయవే."

అనమ్‌కి తడుముకోకుండా గుర్తొచ్చింది ఒక్కటే. నాలుక బయటపెట్టి అరగంట రాసింది. కడిగి, కుండీలో పోసింది. వారం తిరక్కుండా చిగుళ్లొచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం దాదీ పచ్చడి నాకి, అన్నంలో కూర కలుపుకుని ఒక ముద్ద తింది. కోడలి వైపు తిరిగింది.

"కూరలో ఉప్పు చాల్లేదు."

రుబీనా ఏడ్చేసింది. ఆ మాటకి ఏడవడం ఆమెకి కొత్త కాదు గానీ, అత్తగారిని కావలించుకుని ఏడవడం ఇదే మొదటిసారి.

తర్వాత దాదీ అనమ్ చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. పేరు పెట్టి పిలవబోయింది.

"కూరలో ఉప్పు చాల్లేదు," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉండు దాదీ, నా పేరు రాసుకొస్తా," అంది అనమ్ ఉర్దూలో.

పచ్చడి అనమ్ ఇంకా ముట్టనైనా లేదు. లేచి పలక కడగడానికి వెళ్లింది.