బాపు తాగిన మందు

"మందు అలవాటుందా అమ్మా?" అని డాక్టరమ్మ అడగగానే నాకు ఒళ్లు మండింది. నలభై తొమ్మిదేళ్ల ఆడదాన్ని. వరంగల్ చౌరస్తా దగ్గర మిఠాయి దుకాణం నడుపుకుంటున్నదాన్ని. మా ఇంట్లో గుడ్డు కూడా పొయ్యి ఎక్కదు. నన్ను పట్టుకుని ఆ మాట అడగడానికి ఈమెకు నోరెలా వచ్చింది అనుకున్నాను.

"నన్ను జూస్తె అట్ల కనబడ్తున్ననా మేడం?" అన్నాను.

ఆ డాక్టరమ్మ పేరు స్రవంతి. నా కోపాన్ని ఆమె పట్టించుకోలేదు. "అందరినీ అడుగుతామమ్మా. మీ లివర్‌కు కొవ్వు పట్టింది. కొంచెం గట్టిపడడం కూడా మొదలైంది. కారణం తెలియాలి కదా," అని స్కానింగ్ రిపోర్టు నా వైపు తిప్పింది. అందులో నాకు అర్థమైంది నా పేరొక్కటే, పద్మలత అని.

ఇదంతా మా మడికొండ అపార్ట్‌మెంట్ వాళ్ల పుణ్యం. కింద హెల్త్ క్యాంపు పెట్టి ఊరికే రక్తపరీక్షలు చేస్తున్నారంటే నేనూ వరసలో నిలబడ్డాను. లివర్ లెక్క ఎక్కువ చూపిస్తోంది, పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నారు. ఇక్కడికొస్తే పేరు రాసుకునే దగ్గర ఒక కాగితం ఇచ్చారు. అందులో 'వెంట వచ్చినవారు' అని ఒక గడి ఉంది. పెళ్లి రెండేళ్లే నిలిచింది, అమ్మ ఎప్పుడో పోయింది, బాపు పోయి తొమ్మిదేళ్లు. తమ్ముడు హనుమకొండలోనే ఉన్నా లేనట్టే. ఆ గడిలో ఒక గీత గీసి ఇచ్చాను. అక్కడున్న అమ్మాయి ఆ గీతను చూసి నన్ను చూసింది. నాకు అది నచ్చలేదు.

"నేను యాభై మూడు కిలోలే ఉన్న. కొవ్వు నాకెట్ల వస్తది?" అని అడిగాను.

"సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుందమ్మా. రోజూ ఏం తింటారో చెప్పండి."

చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. పొద్దున చాయ్, దానితో విరిగిన లడ్డూ ముక్కలు, అమ్మకానికి పనికిరాని జిలేబీ చుట్టలు. పాకం తీగ వచ్చిందా లేదా అని మిగతావాళ్లు వేళ్ల మధ్య సాగదీసి చూస్తారు. మేం నోట్లో వేసుకుంటే గానీ నమ్మం, అది మా బాపు నేర్పిన పద్ధతి. అలా రోజుకు నాలుగు బాణళ్ల పాకం నా నాలుక మీదుగా పోవాల్సిందే. మధ్యాహ్నం గిన్నెడు అన్నం. పన్నెండు గంటలు గల్లా ముందు స్టూలు మీద కూర్చోవడం. ఇంటికి పోయాక ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు, ఇంత మిక్స్చర్ తిని పాలు తాగి పడుకుంటాను.

ఆమె రాసుకుంది. "ఇంట్లో ఇంకెవరికైనా లివర్ జబ్బు ఉందా?"

"మా బాపుకుండె. దానితోనే పోయిండు. కానీ ఆయనది వేరు మేడం. ఆయన తాగేది."

"ఎన్నేళ్లు తాగారు? ఎంత తాగేవారు?"

ఆ ప్రశ్న తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు. నేనూ బాపును అడగలేదు.

మా బాపు వెంకట్రాజం నాకంటే బక్కమనిషి. ఒకరోజు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట నీళ్లతో ఉబ్బింది. ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు తల ఎత్తకుండా, "ఎన్నేళ్ల సంది తాగుతాండు?" అని అడిగాడు. బాపు, "ముట్టలే సార్," అన్నాడు. "అందరూ అదే అంటరు," అని నవ్వి, ఇక మీదట తాగొద్దు, ఆకులూ పసర్లూ కూడా నోట్లో పోయొద్దు అని చెప్పి పంపాడు. మా బజారులో లివర్ పోయిందంటే ఒకటే అర్థం. మర్నాటి నుంచి కొనడానికి వచ్చినవాళ్లు కూడా బాపును అదో రకంగా చూశారు. వాళ్లందరితో నేనే కొట్లాడాను. మా బాపు అలాంటోడు కాదని గట్టిగా అరిచి చెప్పాను.

రెండు నెలలు పోయాక పక్కన స్టీలు సామాన్ల దుకాణం నర్సయ్య నన్ను పిలిచాడు. "పద్మా, మీ బాపు ఐతారం ఐతారం కేసముద్రం పోయి మందు తాగి వస్తాండట గద," అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు. మిగతా మాట వినే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. చరచరా ఇంటికి పోయాను.

బాపు అప్పుడే వచ్చి మా పాత ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. దగ్గరికి పోతే నోరు ఏదో పులిసిన వాసన కొట్టింది.

"కేసముద్రం పోయినవా?"

"పోయిన."

"మందు తాగినవా?"

ఆయన తల దించుకున్నాడు. "తాగిన బిడ్డా. డాక్టరు వద్దన్నడని ఎర్కే. పాణం ఊకోక పోయిన. ఇగ తాగ."

అన్ని రోజులూ నేను ఊరందరితో కొట్లాడింది ఈ మనిషి కోసమా అనిపించింది. "ఇగ నాతోని మాట్లాడకు," అన్నాను. నేను మాట మీద నిలబడే మనిషిని, అదే నా పెద్ద రోగం. పదకొండు నెలలు ఒకే ఇంట్లో ఉండి ఆయనతో మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టాను, గోళీలు చేతిలో పెట్టాను, పక్క బట్టలు మార్చాను. కానీ నోరు విప్పలేదు. ఆయన నేనున్న గదిలోకి వచ్చి కాసేపు నిలబడి, నేను చూడకపోతే వెళ్లిపోయేవాడు.

నా తమ్ముడు రాకేష్ ఒకరోజు నా మీదికి వచ్చాడు. "ఆశకొద్ది తాగిండు. గంత దానికే ముసలాయనను గిట్ల ఏడిపిస్తవా?" అని అరిచాడు. తాగుబోతుకు కొడుకు వకాల్తా పుచ్చుకున్నాడు అనుకున్నాను. పైకి అని ఉంటే అప్పుడే అన్నీ తేలిపోయేవేమో. అనకుండా తలుపు వేసుకున్నాను. బాపు పోయాక, పదకొండో రోజు కార్యం అయిన సాయంత్రం, రాకేష్ తన బట్టలు సర్దుకుని పోయాడు. మళ్లీ నా గడప తొక్కలేదు.

ఇదంతా డాక్టరమ్మకు ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరికైనా చెప్పి చాలా కాలమైంది, అందుకేనేమో. ఆమె ఓపికగా విన్నది.

"కొందరి లివర్‌కు కొవ్వు దాచుకునే గుణం పుట్టుకతోనే ఉంటుందమ్మా. అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. గుణం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. దానికి రోజూ ఇంత చక్కెర తోడైతే, కూర్చున్న చోటి నుంచి కదలకపోతే, వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. నాన్నగారి పనేమిటి?"

"ఇదే దుకాణం. గదే స్టూలు."

"నేను ఆయన్ని చూడలేదు, కాబట్టి ఇదీ అని చెప్పలేను. కానీ చుక్క ముట్టకుండానే లివర్ అంత పాడైనవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. మీరు ముట్టలేదు, మీకు వచ్చింది కదా. మీది ఇప్పటికైతే వెనక్కి తిప్పుకోవచ్చు. పాకం రుచి చూడడం మానండి, రోజూ నడవండి, రాత్రి సరిగ్గా వండుకు తినండి. తోడబుట్టినవాళ్లు ఉంటే వాళ్లనూ పరీక్ష చేయించుకోమనండి."

బయటికొచ్చి ఆటో ఎక్కాను. బాపు తాగలేదేమో అన్న ఆలోచన పట్టుకుంది, వదలలేదు. కానీ తాగానని ఆయనే అన్నాడు కదా, నా చెవులతో విన్నాను కదా. ఆ ఒక్క మాట పట్టుకునే నేను తొమ్మిదేళ్లు బతికాను. అది కూడా తప్పైతే నేనేమైపోతాను అని భయమేసింది. మడికొండకు పోనిమ్మని చెప్పినదాన్ని, దారిలో మనసు మార్చుకుని హనుమకొండకు తిప్పమన్నాను.

రాకేష్‌ది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. నేను పోయేసరికి ఎవరిదో వర్ధంతి ఫ్లెక్సీ మిషన్ లోంచి మెల్లగా బయటికి వస్తోంది. వాడికి పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అక్కా అని పిలవలేదు. కుర్చీ మాత్రం ముందుకు జరిపాడు.

"ఏంది సంగతి?" అన్నాడు.

"నా లివర్‌కు కొవ్వు పట్టిందన్నరు. మన రక్తంలనే ఉంటదట. నువ్వు గూడ చూయించుకోవాలె. తాగకున్నా వస్తదట."

"తాగకున్నా వస్తదని నాకు ఎర్కే. మన బాపుకు రాలేదా?"

"బాపు తాగిననని నాతోనే అన్నడు గదరా. కేసముద్రం పోయి తాగొచ్చిననని."

"కేసముద్రం నేనే తోల్కపోయిన, బండి మీద. ఆడ కామెర్లకు ఆకు పసరు పుల్లటి మజ్జిగల కలిపి పోస్తరు. ఆరు వారాలు పోయినం. డాక్టరు వద్దన్నడు, నీకు ఎర్కైతె లొల్లి జేస్తవని బాపే చెప్పొద్దన్నడు."

"ఆకు పసరా?" అన్నాను.

"మరి నువ్వేమనుకున్నవ్?"

"మందు అన్నడు," అన్నాను.

"మందే గద అది."

ఆ మాట అని వాడు నన్ను చూశాడు. చూస్తూ ఉండగానే వాడికి అర్థమైంది. మిషన్ ఆపి, కాగితాల కట్ట మీద అలాగే కూర్చున్నాడు.

"బ్రాందీ అనుకున్నవా? బాపు బ్రాందీ తాగిండనుకున్నవా?"

తలూపాను. ఇప్పుడు వాడు నన్ను తిట్టాలని ఎదురుచూశాను. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది. వాడు తిట్టలేదు. నేలను చూస్తూ మెల్లగా అడిగాడు.

"నువ్వు గట్ల అనుకున్నట్టు బాపుకు ఎర్కేనా?"

"లేదురా. ఆ మాట నా నోటితోని ఎన్నడు అనలే."

"అయితే నయమే," అన్నాడు. అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నేను గూడ పసరు గురించే నీకు గంత కోపం అనుకున్న. ఆకు పసరు తాగితె పదకొండు నెలలు మాట్లాడకుండుడేంది, ఈమె మనిషేనా అనుకున్న. బాపుతోని గూడ అన్న. ఆయన నన్నే కోపం జేసిండు."

"ఏమన్నడు?"

వాడు చెప్పాలా వద్దా అని తటపటాయించి అన్నాడు.

"పోయే ముందట, దవాఖానల. 'అక్కను ఏమనకురా. పసరు తాగి పాణం మీదికి తెచ్చుకుంటనని దాని భయం. నా పాణం మీద నాకంటె దానికే ఎక్కువ తీపి. గందుకే మాట్లాడ్తలేదు' అన్నడు. మస్తు సంబురంగ చెప్పిండు."

బాపు నన్ను శపించి పోయినా భరించేదాన్ని. కుర్చీలో వంగిపోయి, నలుగురూ నడిచే బజారు పక్కన, పెద్దగా ఏడ్చాను. రాకేష్ నా దగ్గరికి రాలేదు, ఊకో అనలేదు. లేచి వెళ్లి, రోడ్డు మీదివాళ్లకు నేను కనబడకుండా షట్టరు సగం దించాడు.