డ్రిల్లు తాగిన నీళ్ళు

త్రినాథరావు సారు ఊరిని అమ్ముకున్నాడని బక్కమ్మ చెప్పింది. ఆమెకు పటాన్‌చెరులో పనిచేసే అల్లుడు చెప్పాడట, అతనికి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎవరో చెప్పారట. ఊరి కింది నల్లరాయిలో విమానాలకు పనికొచ్చే లోహం పడిందట, చేన్లన్నీ కంపెనీకి పోతాయట. పక్కింటి మొగులమ్మ నమ్మలేదు. బక్కమ్మ నోటికి మూత ఉండదు.

తెల్లారి మండలాఫీసు మనుషులు వచ్చి, పొట్టకొచ్చిన జొన్నలో హద్దులకు ఇనుప కడ్డీలు పాతారు. ఆ చేను మొగులమ్మదే. అడ్డం పోతే వాళ్ళ వెంట వచ్చిన పోలీసు లాఠీతో గట్టు మీదికి నెట్టాడు.

త్రినాథరావు కోస్తా నుంచి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త. ఏనాటి అగ్నిపర్వతమో కక్కిన లావా గడ్డకట్టి అయిన ఈ నల్లరాయి మీదే నౌకరీ అంతా గడిపాడు. పెచ్చు పగలగొట్టి, నాలుకతో తడిపి, భూతద్దం పెట్టి చూసేవాడు. మొగులమ్మను అక్కా అని పిలిచి, ఆమె చేతి రొట్టె తినేవాడు. లోపలి రాయిని పైకి తీసి చూడటానికి మిషనుతో బోర్లు వేయించేవాడు. నీళ్ళు పొయ్యకుంటే డ్రిల్లు కాలిపోతుందంటే, కరువులో కూడా ఆడవాళ్ళు ఊరి బావి తోడి డ్రమ్ములు నింపారు. బోరంటే నీళ్ళ బోరే అనుకున్నారు. నీళ్ళెప్పుడు పడతాయని అడిగితే సారు నవ్వి ఊరుకునేవాడు.

పంచాయతీ ముందు ఊరంతా కూడింది. కంపెనీవాళ్ళు ఇంటికో నౌకరీ అంటున్నారు కదా, ఎందుకు కాదనాలని ముసలి కిష్టప్ప అడిగాడు. పక్క ఊళ్ళో ఫ్యాక్టరీకి భూమి పోగొట్టుకుని ఇక్కడికి వచ్చిన బాలప్ప లేచాడు.

“మాకు గూడ గిదే చెప్పిన్రు కాకా. నా చేన్ల కట్టిన ఫ్యాక్టరీల నేనిప్పుడు కాంట్రాక్టరు కింద చీపురు వడుతున్న. గేటుకాడ నన్నే ఎవనివిరా అని అడుగుతరు.”

కిష్టప్ప లేచి బాలప్ప పక్కన నిలబడ్డాడు. కోర్టుకు పోదామని కొందరు, కడ్డీలు పీకుదామని కొందరు అరుచుకున్నారు.

“మిషన్‌కు నీళ్ళు బందు వెడదం,” అంది మొగులమ్మ. “పోసింది మనమే గద.”

ఆఖరి బోరుకు మిషను ఆమె చేన్లోకే దిగింది. ఊరు ఊరంతా బావి చుట్టూ కూర్చుంది. బయటి నుంచి ట్యాంకరు తెప్పిస్తే బాట మీద పడుకున్నారు. నీళ్ళు లేకుండానే తిప్పమని మిషను కాంట్రాక్టరు బూతులు తిట్టాడు. తిప్పితే మిషను పొగలు కక్కి, రాయి తొలిచే బిట్టు లోపలే ఇరుక్కుంది.

పోలీసులు మొగులమ్మను, బాలప్పను వ్యానెక్కించారు. పిలవకుండానే బక్కమ్మ ఎక్కింది. వెనకే కిష్టప్ప, ఇంకా ఎందరో. జనం నిండి వ్యాను తలుపు మూతపడలేదు.

త్రినాథరావు వ్యాను కిటికీ దగ్గరికొచ్చాడు. “నేనెవరి భూమీ లాక్కోలేదక్కా. ఈ రాయిలో ఏముందో చెప్పాను, అంతే.”

మొగులమ్మ అతని వైపు తిరిగింది.

“దొంగకు ఇల్లు సూపిచ్చినోడు గూడ గట్లనే అంటడు.”