మిషనమ్మ ఒప్పుకున్న అప్పు

నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మది, ఈ కాస్త రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

మిషనమ్మ మొగుడు వ్యాను కోసం అప్పు చేశాడు. అది తీరకుండానే పోయాడు. నెల తిరగకముందే వసూళ్లతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నోటి నిండా నవ్వు. మెట్ల మీద తీరిగ్గా కూర్చుని, వీధి వీధంతా వినేలా, "అక్కా! బావ బాకీ సంగతి ఏం చేద్దాం?" అన్నాడు.

మిషనమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆమె కుట్టుమిషను మీద పంట్లాలకు అంచులు కుట్టి బతికే మనిషి.

"కాస్త మెల్లగా బాబూ. నా దగ్గర ఏముంది?"

"ఎంతో కొంత ఇవ్వక్కా. రెండు వందలైనా చాలు. ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే మళ్లీ ఈ మెట్లెక్కను."

అతను పోతే చాలనుకుంది. డబ్బు ఇచ్చింది, వేలు నొక్కింది. ఒక నకలు ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు.

మరుసటి నెల మళ్లీ మెట్లెక్కాడు. మూడేళ్లు ఎక్కాడు. మిషనమ్మ కళ్లజోడు మార్చుకోలేదు, పుచ్చిపోయిన పన్ను పీకించుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా తమ్ముడి వరసలెండి, చూసిపోవడానికి వస్తాడు" అనేది.

రెండేళ్లయ్యాక వీధి చివరి బడిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే, ఆమె, ఎదురింట్లో కాజాలు కుట్టే వదిన కలిసి వెళ్లారు. ఏడాదికి ఆమె ఆ నకలును కూడబలుక్కుని చదివింది. 'ఈ అప్పు నా భర్త ఒక్కడే తీసుకున్నాడు. ఇప్పుడు నా ఇష్టంతో దీన్ని నాదిగా ఒప్పుకుంటున్నాను.'

ఆ నెల కుట్టుపని రాలేదు, వాయిదా కట్టలేదు. వసూళ్లతను మిషను ఎత్తుకుపోవడానికి ఆటో తెచ్చాడు.

"అప్పు నాది కాదట కదా బాబూ. ఇందులోనే ఉంది."

"అబ్బో, చదువులొచ్చాయే! వేలు నీదేగా అక్కా?"

"నాదే. మరి మిషను తీసుకుపోతున్నట్టు నువ్వూ రాసివ్వు. ఎవరు పంపారు, ఎంతకు జమ వేస్తావు, కింద నీ సంతకం."

నవ్వు ఆగింది. "మనలో మనకు రాతలెందుకక్కా?"

"మనలో మనమేంటి? రాయి."

రాయలేదు. ఖాళీ ఆటోతోనే పోయాడు, మళ్లీ రాలేదు.

మిషనమ్మ ఎదురింటికి పరిగెత్తి, వదినకు మొత్తం చెప్పింది. వదిన సూది మీంచి తల ఎత్తలేదు.

"మీ అన్నయ్య పోయినప్పుడు నా దగ్గరికీ ఇతనే వచ్చాడు. మా చెల్లెలి కూతురు కాగితం చదివి, వేలిముద్ర వెయ్యొద్దు పెద్దమ్మా అంది. పొమ్మన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"తమ్ముడి వరస అన్నావుగా. నీ పరువు ఎందుకు తీయాలని..."

"మూడేళ్లు బాగా కాపాడావు వదినా. నెల నెలా దాని ఖరీదు నేను కట్టాను."

అంతే, లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత వదిన రెండుసార్లు పిలిచింది. మిషను చప్పుడు ఆగలేదు. ఇప్పుడు మిషనమ్మ కాజాలకు బట్టలు కూడా వేరేచోటికి పంపుతోంది.

– కాజాల వదిన, అరవై ఒకటి. ఇప్పటికీ ఆ ఎదురింట్లోనే ఉంటున్నాను.