అక్క పేరున నడిచిన గుండె

గుండె మిషన్లు పరీక్ష చేసే కంపెనీ మనిషి గుంటూరు ఆసుపత్రికి గురువారాలు మాత్రమే వస్తాడు. ఒంటిగంట కాగానే తన పెట్టె సర్దుకుని ఒంగోలు వెళ్లిపోతాడు. ఆ సంగతి తెలుసు కాబట్టే హనుమాయమ్మ పొద్దున్నే మార్టూరులో మిరపకాయల లారీ ఎక్కి, బావగారి కొడుకు యలమంద పక్కన ఇరుక్కుని గుంటూరు వచ్చింది. అతను ఆమెను ఆసుపత్రి గేటు దగ్గర దించాడు.

"ఎప్పట్లాగే అమ్మ పేరు చెప్పు. ఇంకేం మాట్లాడమాకు పిన్నీ. మిర్చి యార్డులో తూకం కాగానే వస్తా," అన్నాడు.

అమ్మ పేరంటే అంకమ్మ పేరు. అంకమ్మ హనుమాయమ్మ అక్కా అని పిలిచే పెద్ద తోడికోడలు. పదేళ్ల కిందట పత్తి తీస్తూ చేలోనే హనుమాయమ్మ పడిపోయింది. గుండె నిమిషానికి ముప్ఫైసార్లు కూడా కొట్టుకోవడంలేదు, వెంటనే పేస్‌మేకర్ పెట్టాలన్నారు. మొగుడు పోయాక పేర్ల మార్పుకని ఇచ్చిన ఆమె ఉచిత వైద్యం కార్డు ఆఫీసులోనే ఉండిపోయింది. యలమంద ముందూ వెనకా చూడలేదు. తల్లి కార్డు కౌంటర్లో పెట్టి, "ఈమె మా అమ్మే," అని సంతకం చేశాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, కార్డు మీది ఫోటో మసక. హనుమాయమ్మకి తెలివి వచ్చేసరికి ఎడమ భుజం కింద మిషను ఉంది, చేతికి అంకమ్మ పేరున్న పట్టీ ఉంది.

అప్పటినుంచి ఆర్నెల్లకోసారి చెకప్‌కి ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. అంకమ్మ బయట బల్ల మీద కూర్చుని నవ్వేది. "నా పేరున నడుస్తోందే నీ గుండె. ఊళ్లో వాళ్లతో తగువులేసుకుని అదరగొట్టమాకు. ఆగిందంటే చెడ్డపేరు నాకు," అనేది.

ఆ అంకమ్మ మొన్న కార్తీకంలో జ్వరంతో పోయింది. పొలం పాసుపుస్తకం మార్చుకోవాలని యలమంద చావు నమోదు చేయించాడు. ఆ కాగితం ఇంత దూరం వస్తుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. దినాల హడావిడిలో ఒక చెకప్ తప్పిపోయింది. అంతకుముందే కంపెనీ మనిషి, బ్యాటరీ గడువు దగ్గరపడుతోంది, ఈసారి ఆలస్యం చేయొద్దని చెప్పాడు. ఈ పది రోజుల్లో మిరపకాయలకి తొడిమలు తీస్తుండగా ఆమెకి రెండుసార్లు కళ్లు చీకట్లు కమ్మాయి.

బిల్లింగు కౌంటర్లో కొత్తమ్మాయి ఉంది. మెడలో కార్డు మీద నజ్మీన్ అని రాసుంది.

"పేరు చెప్పండమ్మా."

"అంకమ్మ."

నజ్మీన్ టకటకా కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది. తెర వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసింది.

"అంకమ్మగారు చనిపోయారని వస్తోందండీ."

"అవునమ్మా, కార్తీకంలో. మూడు రోజుల జ్వరమే," అంది హనుమాయమ్మ. అక్క మాట ఎవరెత్తినా ఆమె నోటినుంచి వచ్చే మాట అదే. అనేశాక గాని ఏమన్నదో తెలియలేదు.

నజ్మీన్ చేతులు కీబోర్డు మీదనుంచి తీసేసింది. "మరి మీరెవరు?"

వెనక లైన్లో ఒకాయన విసుక్కున్నాడు. "ఏందమ్మా, పేరు చెప్పడానికి కూడా ఇంతసేపా?"

హనుమాయమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. అబద్ధం కోసం వెతికింది, దొరకలేదు. చిన్న గొంతుతో తన పేరు చెప్పింది, జరిగింది చెప్పింది. యలమంద పేరు ఒక్కటీ మింగేసింది.

"కార్డు నేనే తీసుకొచ్చానమ్మా. అక్కకి కూడా చెప్పలేదు."

నజ్మీన్ పాత ఫైలు తెరిచి చదివింది. "ఆ రోజు మిమ్మల్ని స్పృహ లేకుండా తెచ్చారని ఉందమ్మా ఇక్కడ. కార్డు మీరెట్లా ఇచ్చారు? సంతకం కొడుకుది."

హనుమాయమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"చూడండి," అంది నజ్మీన్ గొంతు తగ్గించి. "మిషన్ని ఊరికే చదివితే బిల్లుకి ఒక కోడు, లోపల మార్పులు చేస్తే ఇంకో కోడు. ఏ కోడు కొట్టినా బతికున్న మనిషి పేరుకే అతుక్కోవాలి. పోయినావిడ గుండె పరీక్ష చేశామని బిల్లు పెడితే ముందు నా ఉద్యోగం పోతుంది."

"నా పేరునే రాయమ్మా. కార్డు వద్దు, చేతినుంచి కడతా."

నజ్మీన్ అదీ ప్రయత్నించింది. కొత్త పేరు ఎక్కింది గాని, మిషను నంబరు దగ్గర తెర ఎర్రబడింది. ఆ నంబరు అంకమ్మదని చెబుతోంది. పాత ఫైలు సరిచేస్తే తప్ప నంబరు కదలదు. సరిచేయాలంటే అప్పుడు సంతకం చేసిన మనిషి వచ్చి రాసివ్వాలి.

"మేనేజర్‌గారిని అడిగొస్తా, కూర్చోండి," అని లోపలికి వెళ్లింది.

గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. మేనేజరంటే పోలీసులకి ఫోన్ చేసే మనిషేనేమో. సెక్యూరిటీ అతను తన వైపే నడిచి వస్తుంటే హనుమాయమ్మ సంచి ఒళ్లోకి లాక్కుంది. అతను వచ్చి, "ఫ్యాను కింద కూర్చో మామ్మా, చెమటలు పోస్తున్నాయి," అని వెళ్లిపోయాడు.

మణికట్టు మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టుకుంది. కొట్టుకుంటోంది. మధ్యలో ఒకటి తప్పిందా? మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

నజ్మీన్ తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది. "ఆ సంతకం పెట్టినాయన రావాల్సిందేనమ్మా. ఒంటిగంట లోపు వస్తే ఇవాళే చేయిస్తానన్నారు సార్."

యలమంద మూడోసారికి ఫోనెత్తాడు. అవతల హమాలీల కేకలు.

"తూకం దగ్గరున్నా పిన్నీ. అయిందా?"

"నా పేరు చెప్పేశాన్రా."

కేకలకి దూరంగా జరిగినట్టున్నాడు. "పొద్దున నీకేం చెప్పాను?"

"అక్క పోయిందని వాళ్ల కంప్యూటర్‌కి ముందే తెలుసురా. నేను దాచేదేముంది?"

"కేసవుద్ది. సంతకం నాది."

"నీ పేరు చెప్పలేదురా. కార్డు నేనే తెచ్చుకున్నానన్నా. ఆ రోజు నాకు స్మారకం లేదని వాళ్ల పుస్తకంలో ఉంది. నువ్వొచ్చి రాసిస్తేనే పరీక్ష అంటున్నారు."

అతన్ని ఎవరో తూకం దగ్గరికి కేకేశారు.

"నిన్ను రమ్మనడంలేదురా. ఉన్న సంగతి చెబుతున్నా," అంది.

ఫోను ఆగిపోయింది. అతనే పెట్టేశాడో, దానంతట అదే కట్టయిందో తెలియలేదు. మళ్లీ చేయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. అతనికి చదువుకునే ఇద్దరు ఆడపిల్లలున్నారు. కేసంటే ఏళ్ల తరబడి కోర్టు మెట్లు. తనకి బ్యాటరీ ఎన్నాళ్లుందో కంపెనీ మనిషి పెట్టె తెరిస్తేగాని తెలియదు. వచ్చే గురువారం దాకా ఆగుదామని మనసులో అనుకుంది. అప్పటిదాకా బ్యాటరీ నడుస్తుందా అని మణికట్టు మీద మళ్లీ వేళ్లు పెట్టింది.

పన్నెండు దాటి ముప్ఫై అయిదు నిమిషాలకి లైన్లో ఇద్దరు తుమ్మారు. యలమంద చొక్కానిండా మిరప దుమ్ము. అతను పిన్ని ముఖం చూడకుండా నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

"కార్డు పెట్టింది నేనే మేడమ్. అది మా అమ్మది. ఆపరేషన్ ఈమెకి. ఎక్కడ రాయమంటే అక్కడ రాస్తా."

"జరిగింది జరిగినట్టు రాయండి. పైఆఫీసుకి పంపుతాం."

"పంపితే ఏమంటారు?"

"డబ్బు కట్టమనొచ్చు, కేసనొచ్చు, ఊరుకోనూవచ్చు. నేను చెప్పలేనండీ," అంది నజ్మీన్ కాగితం, పెన్ను తోస్తూ.

యలమంద కాగితం అందుకుని, హనుమాయమ్మ పక్కన కుర్చీలో కూలబడ్డాడు. "టిక్కీ బస్తాలు తూకం మధ్యలో వదిలేసి వచ్చా. ఎన్ని కేజీలు కొట్టేస్తాడో ఆ తూకం వాడు," అని గొణుగుతూ, మోకాలి మీద కాగితం పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి పేజీ అవగానే నజ్మీన్ వచ్చి తీసుకుని లోపలికి పరుగెత్తింది. రెండో పేజీ రాస్తున్నాడు. హనుమాయమ్మ రాసే చేతినీ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తోంది. ముల్లు పన్నెండు దాటి యాభై మీద ఉంది. కంపెనీ మనిషి ఈపాటికి పెట్టె సర్దుతూ ఉంటాడు.

పైన స్పీకర్లో ఎవరినో పిలిచారు. ఆమె గడియారం మీదనుంచి కళ్లు తిప్పలేదు. మళ్లీ పిలిచారు.

యలమంద రాయడం ఆపి తలెత్తాడు.

"పిన్నీ, హనుమాయమ్మ అంటున్నారు. నిన్నే."